ఆరుబయట తప్పటడుగులు

పాఠ్యభాగ పరిచయం

శిశువు నడక నేర్చిన నాటినుండి మూడవ యేడు నిండేవరకు గల కాలాన్ని తప్పటడుగుల ప్రాయం అనవచ్చు. ఆ ప్రాయంలోని పిల్లలకు ఆరుబయట ఆటలు ఎందుకు అవసరమో, పెద్దలు వాటిని ఏ విధంగా సమకూర్చవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మారాం చేసే చంటిబిడ్డకు వెన్నెలలో చందమామను చూపి గోరుముద్దలు తినిపించడం తెలుగింటి ఆచారం. ఆ ముద్దతోపాటు బిడ్డకు ఆకాశం, చల్లగాలి, తల్లి మాట కూడా దక్కేవి. నేడు అనేక గృహాలలో చందమామ స్థానాన్ని సెల్‌ఫోను ఆక్రమించింది. ముద్ద గొంతు దిగుతున్నది గాని, బిడ్డ చూపు తెరపైనుండి కదలడం లేదు. ఇది తల్లిదండ్రుల దోషమని తేల్చివేయడం న్యాయం కాదు. వాకిళ్ళు కుదించుకుపోయాయి. వీధులు వాహనాలతో నిండిపోయాయి. తాతయ్యలు, నాయనమ్మలు దూరమయ్యారు. అయినప్పటికీ శిశువు శరీరం మారలేదు. అది నేటికీ నేలను, గాలిని, వెలుతురునే కోరుతున్నది.

శిశువు ఆటను విద్యగా గుర్తించిన వారిలో జర్మనీ దేశీయుడైన ఫ్రోబెల్ ముఖ్యుడు. ఆయన 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊరిలో చిన్నపిల్లల కోసం ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టాడు. ఆ మాటకు ‘పిల్లల తోట’ అని అర్థం. మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరాన్ని ప్రారంభించి, ఆటపాటల ద్వారా విద్య నేర్పాడు. ఆయన వాత్సల్యాన్ని చూసి గుజరాతీ ప్రజలు ఆయనను ‘మీసాల తల్లి’ అని పిలుచుకొన్నారు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, 31వ అధికరణంలో ఆటను బాలల హక్కుగా పేర్కొన్నది.

ఒకటి, రెండు సంవత్సరాల వయసు పిల్లలు రోజు మొత్తంమీద కనీసం 180 నిమిషాలు శరీరాన్ని కదిలిస్తూ గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఏడాది బిడ్డకు తెర చూపడమే తగదని, రెండేళ్ళ బిడ్డకు అది గంటకు మించరాదని కూడా చెప్పింది. మూడు గంటలు అనగానే బెదరనక్కరలేదు. ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు బయట తిప్పి, మిగిలిన సమయంలో ఇంట్లో స్వేచ్ఛగా తిరుగాడనిస్తే చాలు.

ఆటను శిశువు వయసునుబట్టి ఎంచుకోవాలి. పదునెనిమిది నెలలకు సాధారణంగా బిడ్డ ఆసరా లేకుండా నడుస్తాడు. రెండేళ్ళకు పరుగెత్తి బంతిని తన్నుతాడు. రెండున్నరేళ్ళకు రెండు కాళ్ళూ కూడదీసుకొని గెంతుతాడు. కాబట్టి మొదటి దశలో గడ్డిమీద నడిపించడం, ఉప్పుమూట ఎత్తుకొని తిప్పడం చాలును. తరువాత మెత్తని బంతిని దొర్లించవచ్చు. ఆపైన నేలమీద గీతలు గీసి వాటిమీదుగా గెంతించవచ్చు.

ఇసుకను మించిన ఆటవస్తువు లేదు. తడి ఇసుకలో బిడ్డ పాదం ఉంచి, దానిపై ఇసుక కప్పి మెల్లగా తట్టి, పాదాన్ని నిదానంగా వెలికి తీస్తే పిచ్చుకగూడు నిలుస్తుంది. ఒక్కొక్కసారి కూలిపోతుంది కూడా. కూలినప్పుడు బిడ్డ నవ్వుతాడు, మళ్ళీ కట్టమంటాడు. ఓటమికి కుంగకపోవడం అనే పాఠం అక్కడే మొదలవుతుంది. చిన్న చెంబుతో మొక్కలకు నీళ్ళు పోయడం, వాననీటిలో కాగితపు పడవ వదలడం కూడా ఈ వయసుకు తగిన వినోదాలే.

ప్రకృతి పరిశీలనకు ఖర్చు లేదు. తొలకరి చినుకులకు మఖమలు ముక్కలా బయటికి వచ్చే ఆరుద్ర పురుగు, తాకగానే చుట్టచుట్టుకొనే రోకలిబండ, స్పర్శకు ముడుచుకొనే అత్తిపత్తి ఆకు శిశువుకు మహాద్భుతాలు. చీమలబారు కనబడితే బిడ్డ అక్కడే కూలబడతాడు. పెద్దవారు చేయిపట్టి లాగుతారు. పెద్దల నడకకు గమ్యం ఉంటుంది, శిశువు నడకకు ఉండదు. ఆ కాసేపు ఆగి, “ఇవి చీమలు నాన్నా, పుట్టకు వెళుతున్నాయి” అని చెప్పడమే బిడ్డకు భాష నేర్పడం.

తోటి పిల్లలతో కలిసి ఆడటంలేదని కొందరు చింతిస్తారు. ఈ వయసు పిల్లలు పక్కపక్కనే కూర్చొని ఎవరి ఆట వారు ఆడుకోవడం సహజమని మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో ప్రకటించిన పరిశీలన తెలియజేస్తున్నది. కలిసి ఆడే దశ తరువాత వస్తుంది.

ఆనందంతోపాటు జాగరూకత కూడా అవసరం. రెండు మూడు అంగుళాల నీటిలో సైతం పసిబిడ్డ మునిగిపోయే ప్రమాదమున్నది. అందువలన నీటి దగ్గర బిడ్డను చేయిచాచినంత దూరంలోనే ఉంచుకోవాలి. ఆట ముగియగానే బక్కెట్టును ఖాళీచేయాలి. పచ్చగన్నేరు కాయ విషపూరితం, జిల్లేడు పాలు కంటికి హానికరం. వేసవిలో ఎండ ముదరకముందే, అనగా సూర్యోదయం తరువాత కొద్దిసేపు, తిరిగి పొద్దు వాలిన పిమ్మట మాత్రమే బయటికి తీసుకువెళ్ళాలి. మధ్యమధ్య మంచినీరు తాగించాలి.

విద్యార్థులారా! మీ ఇంటిలోనో, పొరుగింటిలోనో ఒక చిట్టి చెల్లెలో, మేనల్లుడో తప్పటడుగులు వేస్తూ ఉండవచ్చు. పుస్తకం మూసిన తరువాత ఒక అరగంట ఆ చిన్నారి చేయిపట్టుకొని బయటికి నడవండి. ఆ అరగంట ఆ బిడ్డకు జ్ఞాపకం ఉండకపోవచ్చు. అయినా ఆ కాళ్ళ బలంలో, ఆ నోటి మాటలలో అది మిగిలే ఉంటుంది.

అభ్యాసం

అర్థాలు: ప్రాయం – వయస్సు, వాత్సల్యం – బిడ్డలపై ప్రేమ, జాగరూకత – మెలకువ, హెచ్చరిక, తొలకరి – వానాకాలపు తొలి వాన.

సంధి: సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి.
సమాసం: తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం.

ప్రశ్నలు
1. శిశువు వయసునుబట్టి ఆటలను ఎట్లు ఎంచుకోవాలో వివరించండి.
2. పిచ్చుకగూడు ఆట శిశువుకు ఏమి నేర్పుతుంది?
3. ఆరుబయట పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ ఇంటి పెద్దలు తమ బాల్యంలో ఆడుకొన్న ఒక ఆటను అడిగి తెలుసుకొని, పది వాక్యాలలో రాయండి.