ఉప్పెన వెళ్లిపోయాక ఊరికి ఏం కావాలి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తేనాటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన బడిపంతులుని. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరగ్రామాల్లో ఏ ఇంటి పునాది ఎవరిదో చెప్పేవాళ్లు కూడా మిగల్లేదు. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలు దాటారు. ఆ తర్వాత చాలా తుపాన్లు చూశాను, సహాయపు పనుల్లో చేయి కలిపాను. తుపాను నుంచి బతికి బయటపడటం ఒక ఎత్తు, ఆ తర్వాత నిలదొక్కుకోవడం ఇంకొక ఎత్తు. ఈ రెండో దాని గురించి నేను నేర్చుకున్నది మీకు చెప్పాలి.

1. అన్నం కన్నా ముందు నీళ్లు చూడాలి.

మా దిగువ ప్రాంతంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. కాలువ నీటితో నింపుకునే మంచినీటి చెరువే ఊరికి ఆధారం. ఉప్పెన ఆ చెరువులోకే సముద్రాన్నీ పశువుల కళేబరాలనూ తెచ్చి పోసింది. మేం మాత్రం అన్నం పొట్లాల లారీ కోసం రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాం. దాహానికి ఆగలేక పిల్లలు ఆ నీళ్లే తాగారు, వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కళేబరాలు తీసి దూరంగా పూడ్చడం, ఇంజన్లు పెట్టి చెరువు తోడడం, కాలువ నీరు వదిలి బ్లీచింగ్ కలపడం ఎవరో వచ్చి చేయాల్సిన పనులు కావు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ అంతటి నగరంలోనూ కరెంటు పోయి మోటార్లు ఆగితే జనం నీళ్లకు అల్లాడారు. పంచాయతీకి ఒక జనరేటర్, దాన్ని నడపడం తెలిసిన ఇద్దరు మనుషులు ఉంటే ఆ ఇబ్బంది సగం తీరుతుంది.

2. జాబితాకెక్కని మనిషికి సాయం అందదు.

దస్తూరి బాగుంటుందని నష్టపోయినవాళ్ల జాబితా రాసే పని నాకు అప్పగించారు. ఇంటి నంబర్ల వరుసన రాసుకుంటూ పోయాను. కరకట్ట మీద గుడిసెలు వేసుకున్న యానాదులకు నంబర్లు లేవు. కౌలుకు చేసే రైతు పేరు ఏ కాగితంలోనూ లేదు. అడిగినవాళ్లకు రెండో జాబితా వస్తుందని చెప్పాను. అది రాలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే చెబుతున్నాను: పైకి పంపే ముందు జాబితాను ఊరి మధ్య మైకులో చదవండి. ‘ఎవరి పేరు రాలేదు?’ అని మూడుసార్లు అడగండి. కౌలుదారులకు సాగు హక్కు కార్డు, ఈ-క్రాప్ నమోదు ముందే చేయించండి. పంట మునిగాక పేరు ఎక్కించడం చాలా కష్టం.

3. చేతికి పని దొరికిన రోజే మనిషి లేచి నిలబడతాడు.

అప్పట్లో పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చి రోడ్డు పక్క పోగులు పడ్డాయి. పంపినవాళ్ల మనసు మంచిదే. కాని జాలరికి కావలసింది పడవ, వల. రైతుకు కావలసింది ఎడ్లు, విత్తనాలు. ఉప్పు తేలిన పొలానికి గట్లు వేసి, మంచినీరు పెట్టి, మురుగుకాలువలోకి తీసేస్తూ మళ్లీ మళ్లీ కడగాలి. అవసరమైన చోట జిప్సం వేయాలి, జీలుగ చల్లి కలియదున్నాలి. మురుగుకాలువ పూడి ఉంటే ఇదంతా వృథా. కాబట్టి మొదటి కూలిపని ఆ పూడిక తీయించడమే కావాలి. కూలీకి డబ్బూ దక్కుతుంది, పొలమూ బాగుపడుతుంది. 1996 తుపానుకు కోనసీమ, 2018లో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి చెట్లను పోగొట్టుకున్నాయి. కొత్త మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. ఒక్కసారి ఇచ్చిన పరిహారం అన్నాళ్లు ఇల్లు గడపదు. అంతర పంటకు, కూలిపనికి కూడా ఆసరా ఉండాలి.

4. కనిపించకుండా పోయినవాడి పేరు కూడా కాగితం మీద ఉండాలి.

1996 నవంబరు 6 తుపానులో వేటకు వెళ్లిన జాలరులు ఎందరో తిరిగి రాలేదు. ఆచూకీ లేని మనిషి చనిపోయాడని భావించడానికి చట్టం ప్రకారం మామూలుగా 7 ఏళ్లు ఆగాలి. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప, అంతవరకు భార్యకు మరణ ధ్రువపత్రం లేదు, దానితో వచ్చే సాయమూ లేదు. ఏ పడవలో ఎవరెవరు వెళ్లారో ప్రతిసారీ ఒడ్డున రాసిపెట్టుకునే పుస్తకం ఒకటి ఉండాలి. తుపాను తగ్గిన వెంటనే, చూసినవాళ్లు ఊళ్లో ఉండగానే, సాక్షుల సంతకాలతో పంచనామా రాయించాలి.

5. బడిని గోదాముగా ఎక్కువకాలం ఉంచకూడదు.

మా బడిలో బియ్యం బస్తాలు దించారు. తిండి ముఖ్యమని నేనూ ఒప్పుకున్నాను. బస్తాలు ఖాళీ అయి గంట కొట్టేసరికి పెద్దపిల్లలు చాలామంది కూలికి పోయారు, మళ్లీ పలక పట్టలేదు. ఏ చెట్టుకిందో పాఠం మొదలుపెట్టి ఉంటే వాళ్లలో కొందరైనా మిగిలేవాళ్లు. అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లవాడికి రోజూ పేరు పెట్టి పిలిచే మనిషి కావాలి. ఆ పని బడి చేయగలదు.

6. వచ్చే తుపానుకు సిద్ధం కావడం కూడా పునర్నిర్మాణమే.

1990 మే నెలలో మచిలీపట్నం వైపు వచ్చిన తుపాను మహా తీవ్రమైనది. అయినా మృతులు వెయ్యి లోపే. హెచ్చరిక ముందే అందింది, లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు, తుపాను షెల్టర్లు అక్కరకొచ్చాయి. ఆ తర్వాత ఎన్నో షెల్టర్లను పట్టించుకోకుండా వదిలేశాం. చువ్వలు తేలాయి, కొన్నింటిలో ఎరువుల బస్తాలు చేరాయి.

మన తీరానికి అక్టోబరు, నవంబరు ఏటా వస్తాయి. ఈ ఏడాది అవి రాకముందే మీ ఊరి షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, మురుగుకాలువ చూసి రండి, ఇంటి నంబరు లేని కుటుంబాల పేర్లు రాసిపెట్టండి. బయటి సాయం కొన్నాళ్లుండి వెళ్లిపోతుంది. ఊరికి చివరిదాకా తోడుండాల్సింది మీరే.