మేత తింటోంది గదా అని ఊరుకోకు

నాయనా,

సంతలో ఇంకో రెండు హెచ్ఎఫ్ ఆవులు కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. జ్వరమొచ్చిన ఆవును నువ్వు ఇట్టే పట్టేస్తావు. ముట్టె ఆరిపోతుంది, చెవులు వాలిపోతాయి, ఒక్కపూటలో పాలు పడిపోతాయి. నా బెంగంతా నెలల తరబడి లోలోపల తినేసే జబ్బుల గురించే.

"మేత తింటోంది గదా, ఏం కాదులే" అంటారు మనవాళ్లు. ఆ మాట నమ్మొద్దు. చాలా దీర్ఘరోగాల్లో ఆవు ఆఖరున మానేసేది మేత. ముందు మానేసేవి బతకడానికి అంతగా అక్కర్లేని పనులు: పక్కదాన్ని నాకడం, గుంజకు ఒళ్లు రుద్దుకోవడం, కొత్త మనిషి వస్తే తల తిప్పి చూడడం. పులికి దొరక్కుండా బతికిన జాతి గదా, నొప్పిని బయటపడనీయదు.

మేత వేసేటప్పుడు అన్నీ హుషారుగానే ఉంటాయి. అప్పుడు చూసి లాభం లేదు. పాలు పోసొచ్చాక, 11 గంటలప్పుడు, కొట్టంలో ఓ మూల చప్పుడు చేయకుండా కూర్చో. బాగున్న ఆవు రోజుకు 10-12 గంటలు పడుకుంటుంది, 7-8 గంటలు నెమరేస్తుంది. ఒక్కో ముద్దను 50-60 సార్లు నములుతుంది. అన్నీ పడుకున్న వేళ ఒక్కటే నిలబడి కాళ్లు మార్చుకుంటోందంటే పొదుగు తడిమి చూడు. పొదుగు వాపు ఉన్నది నేల ఒత్తుతుందని పడుకోడానికి జంకుతుంది. గిట్టల నొప్పి ఉన్నది దీనికి ఎదురు. పడుకుంటే ఓ పట్టాన లేవదు. లేచినా తొట్టి దగ్గర గబగబా నాలుగు బుక్కలు తిని మళ్లీ పడుకుంటుంది.

కుంటు పట్టాలంటే కాలు కాదు, వీపు చూడు. నిలబడినప్పుడు తిన్నగా ఉన్న వీపు నడకలో విల్లులా వంగితే నొప్పి మొదలైనట్టే. నిలబడినా వంగే ఉంటే ముదిరినట్టు. 1997లో స్ప్రెచర్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు ఈ వంపును పట్టుకునే నడకకు 1 నుంచి 5 దాకా మార్కులు పెట్టారు. పాలు పెరగాలని ఎండుగడ్డి తగ్గించి దాణా దట్టిస్తే పొట్టలో పులుపు పెరిగి గిట్టలు పాడవుతాయి. సిమెంటు గచ్చు దానికి తోడు. రబ్బరు మ్యాట్లు వేయించు, ఖర్చని చూడొద్దు.

గాలికుంటు తగ్గిన ఆవు కొన్నాళ్లకు బొచ్చు పెరిగి, కాస్త ఎండకే నోరు తెరిచి ఎగరొప్పుతుంటే, నీళ్ల తొట్టి వదలకపోతే, అది ఆ జబ్బు మిగిల్చిపోయిన బాధ. బద్ధకం కాదు. వెనకబడిందని కట్టె తీయనీయకు పనివాణ్ణి.

కొత్తగా కొన్నవాటి విషయంలో జోన్స్ జబ్బు గుర్తుంచుకో. మేత మామూలుగానే తింటుంది, కానీ పారుతూనే ఉంటుంది, ఎముకలు తేలతాయి, దవడ కింద నీరు దిగుతుంది. దూడప్పుడు పేడ ద్వారా, పాల ద్వారా అంటుకుని, చాలావాటిలో 2 నుంచి 5 ఏళ్లకు గానీ బయటపడదు. నయం చేసే మందు లేదు. అనుమానమొస్తే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసి పేడ, రక్తం పరీక్ష చేయించు. తేలేదాకా విడిగా కట్టు, దాని పేడ దూడల పాకలోకి రానీయకు, దాని పాలు దూడలకు తాగించకు. సంతకు తోలేయమని సలహా చెప్పేవాళ్లుంటారు. వినొద్దు, అవతలి కొట్టంలోనూ దూడలుంటాయి.

మీ పెదనాన్న