విపత్కాలంలో బిడ్డల సంరక్షణ – పోషణ

పెనుమూడి వద్ద కృష్ణానదిపై వారధి ఉన్నది. ఈ ఒడ్డున రేపల్లె మండలం, ఆ ఒడ్డున పులిగడ్డ, అవనిగడ్డ. 2020 మార్చి 25న కరోనా కారణంగా దేశమంతటా లాక్‌డౌన్ విధింపబడిన నాటికి ఈ ఒడ్డు గుంటూరు జిల్లాలోను, ఆ ఒడ్డు కృష్ణాజిల్లాలోను ఉండేవి. జిల్లా దాటుటకు అనుమతిపత్రం కావలసివచ్చిన ఆ దినాలలో, విడిపోయిన దంపతులలో తల్లి పెనుమూడిలోను, తండ్రి అవనిగడ్డలోను ఉన్నారని ఊహించుకొందాము. ఆదివారం నాడు బిడ్డను చూచుకొనే తండ్రికి దారి లేదు. నెల మొదట అందవలసిన డబ్బు తల్లికి అందదు. ఆమె మొర ఆలకించవలసిన న్యాయస్థానమూ అత్యవసర విషయాలకే పరిమితమైనది. అప్పుడు ఆ బిడ్డ హక్కు ఏమి కావాలి? ఈ ప్రశ్ననే ఇక్కడ పరిశీలింపదలచినాము.

ముందుగా రెండు మాటలను వేరుచేసి చూడవలసి ఉన్నది. బిడ్డ ఎవరి ఒడిలో పెరగాలి అన్నది సంరక్షణ. బిడ్డ కూడు గుడ్డలకు ఎవరు పూచీ అన్నది పోషణ. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో మొదటిది హిజానత్, రెండవది నఫఖా. హనఫీ సంప్రదాయాన్ని బట్టి మగబిడ్డకు ఏడేండ్లు వచ్చువరకు, ఆడబిడ్డ యుక్తవయస్కురాలగువరకు హిజానత్ తల్లిది. బిడ్డ తల్లివద్ద ఉన్నంతమాత్రాన తండ్రి పోషణభారం తొలగదు. ఖుర్ఆన్‌లోని బఖరా అధ్యాయం 233వ వాక్యం పాలిచ్చే తల్లి పోషణను తండ్రిపై ఉంచి, పాలు మాన్పించే విషయంలో సైతం ఇరువురి సంప్రదింపును కోరినది. విడిపోయిన వారికి కూడ బిడ్డ విషయమై మాట్లాడుకొనవలసిన విధి ఉన్నదన్నమాట.

దేశచట్టమూ ఇదే దారిన నడిచినది. 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టం ప్రకారం న్యాయస్థానం చూడవలసినది బిడ్డ క్షేమము. 1986 నాటి ముస్లిం మహిళల చట్టంలో, విడాకులు పొందిన తల్లికి బిడ్డల పోషణ నిమిత్తం రెండేండ్ల వరకే సొమ్ము చెప్పబడినది. దానితో బిడ్డ హక్కు కూడ రెండేండ్లకే ముగియునా అన్న సందేహం పుట్టినది. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సందేహాన్ని తీర్చి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను క్రింద బిడ్డలకు గల హక్కు వారి స్వంతమని, తల్లికి చెందిన పరిమితి దానికి వర్తించదని తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి ఆ సెక్షను స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షను అమలులో ఉన్నది.

హక్కు స్పష్టమే. కాని దారులు మూతపడిన వేళ అది చేరుట ఎట్లు? 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బిడ్డలను ప్రత్యక్షంగా కలుసుకొనుట క్షేమం కాని స్థితిలో ఫోను, వీడియో మార్గాలను అనుసరించవచ్చునని, తల్లిదండ్రులు పరస్పరం ఏర్పాటు చేసుకొనవలెనని సూచించినది. ఇది మంచి మార్గమే. అయితే ఇంట మంచి ఫోను లేని పేదవానికి ఇది అందని పండు. మాటలు రాని పసివానికి తెరమీది బొమ్మ తండ్రి కాజాలడు. కనుక దారులు తెరువగానే పోయిన దినాలకు బదులుగా కొన్ని దినాలు తండ్రికి ఇచ్చుట న్యాయమని మా అభిప్రాయం. వ్యాధిని సాకుగా చూపి బిడ్డను దాచిపెట్టుట, బిడ్డను చూపలేదని పోషణ ఆపివేయుట, రెండూ తప్పులే. రెంటిలోను దండన పడునది బిడ్డకే.

ఇక పని పోయిన తండ్రి మాట. మగ్గం ఆగిన నేతగాడు, ఆటో కదలని డ్రైవరు డబ్బు ఎక్కడినుండి తేగలరు? చట్టం ఈ కష్టాన్ని ఎరుగకపోలేదు. పరిస్థితులు మారినప్పుడు మనోవర్తి మొత్తాన్ని మార్చుమని మేజిస్ట్రేటును కోరవచ్చును. కాని తనంతట తాను ఆపివేయరాదు. అడిగి తగ్గించుకొనుట వేరు, అడుగక ఎగవేయుట వేరు. వెయ్యి ఈయలేనివాడు వంద ఇచ్చి, తక్కినది బాకీగా వ్రాసుకొనినచో బిడ్డ ఎదుట తలెత్తుకొని నిలువగలడు. ఇటు తల్లి కూడ ఆలస్యానికి భయపడి దరఖాస్తు మానుకొనరాదు. 2020 నవంబరులో రజ్నేష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు, మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుండి ఇప్పించవలెనని నిర్దేశించినది. 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు, బిడ్డలకు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయసహాయం కల్పించినది.

మన మహల్లాలలో తలాఖ్, ఖులా వ్రాతలు జరుగునప్పుడు మహర్, సామానుల లెక్క సవివరంగా వ్రాయబడును. బిడ్డ మాట ఒక్క వాక్యంలో ముగియును. ఇకనుండి ఆ కాగితంలోనే నాలుగు విషయాలు చేర్చవలెనని పెద్దలకు మా మనవి. డబ్బు ఏ తేదీన, ఏ ఖాతాకు చేరాలి. రాకపోకలు ఆగినప్పుడు బిడ్డతో మాట ఎట్లు సాగాలి. సంపాదన పడిపోయినప్పుడు కనీసం ఎంత ఈయాలి. బిడ్డకు గాని, సాకువారికి గాని జబ్బు చేసినప్పుడు ఎవరు ఆదుకొనాలి. ఖులా కోరిన తల్లి తన మహర్ వదులుకొనవచ్చును గాని, బిడ్డ పోషణ ఆమె వదులుకొనవలసిన సొత్తు కాదు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు న్యాయవాదులు, ఉపాధ్యాయులు, మహల్లా పెద్దలు కాగలరు. అంటువ్యాధి మరల రాదని ఎవరూ పూచీ పడలేరు. వరద వచ్చిన పిమ్మట గట్టు వేయుట సాధ్యం కాదని కృష్ణ ఒడ్డున పుట్టిన మనకు వేరే చెప్పనక్కరలేదు. బిడ్డల హక్కుకు కూడ గట్టు ముందుగానే వేయుదము.