వాయువు – వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటిలోను, ప్రయోగశాలలోను వాడే వాయువుల స్వభావాన్ని వివరించి, వాటిని జాగ్రత్తగా వినియోగించే తీరును విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నీరు పొంగితే చూసి తప్పుకొంటాం. నిప్పు రాజుకొంటే చూసి ఆర్పుతాం. వాయువు గదినిండా వ్యాపించినా మన కంటికి గది ఖాళీగానే తోస్తుంది. కన్ను చేయలేని ఆ పనిని జ్ఞానం చేయాలి. ఏ వాయువు బరువైనది, ఏది తేలికైనది, దేనికి వాసన ఉంది, దేనికి లేదు అనే విషయాలు తెలిసినవారికి వాయువు ఉపకరిస్తుంది. తెలియనివారికి అదే ప్రాణాంతకమవుతుంది.

మన వంటింటి సిలిండరులో ఉండేది ప్రధానంగా ప్రోపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒత్తిడికి లోనుచేసి దీనిని ద్రవంగా మార్చి నింపుతారు. గృహావసరాలకు సాధారణంగా ఇచ్చే సిలిండరులో 14.2 కిలోల ఇంధనం ఉంటుంది. ఈ ద్రవం బయటికి వస్తే సుమారు 250 రెట్ల ఘనపరిమాణం గల వాయువుగా మారుతుంది. గాలిలో ఇది నూటికి రెండు వంతులు కలిసినా చాలు, నిప్పురవ్వ తగలగానే భగ్గుమంటుంది.

నిజానికి ఈ ఇంధనానికి చెప్పుకోదగిన వాసన లేదు. మనం పసిగట్టే దుర్వాసన ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధక సమ్మేళనానిది. దానిని అత్యల్ప పరిమాణంలో కావాలనే కలుపుతారు. ఈ పద్ధతి వెనుక ఒక విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి పాఠశాల భవనం అడుగున చేరిన సహజవాయువు పేలింది. దాదాపు మూడు వందల మంది మరణించారు. వారిలో అత్యధికులు విద్యార్థులు. ఆ వాయువుకు వాసన లేనందున ప్రమాదాన్ని ఎవరూ గుర్తించలేకపోయారు. ఆ తరువాత వాయువుకు వాసన కలపడాన్ని టెక్సాస్ తప్పనిసరి చేసింది. క్రమంగా ఆ పద్ధతి ఇతర ప్రాంతాలకూ వ్యాపించింది. కాబట్టి వంటింట్లో ఆ వాసన రావడాన్ని హెచ్చరికగా గ్రహించాలి.

వాసన రాగానే పొయ్యి కట్టివేసి, రెగ్యులేటరు మూసి, సిలిండరుకు రక్షణమూత బిగించాలి. విద్యుత్ స్విచ్చి వేయరాదు; వెలుగుతున్న దీపాన్ని ఆర్పనూ రాదు. రెండు సందర్భాలలోను స్విచ్చిలో పుట్టే చిన్న మెరుపే పేలుడుకు కారణం కావచ్చు. సిలిండరు వాయువు గాలికంటే బరువైనది. అది నేలను అంటిపెట్టుకొని మూలలలో నిలుస్తుంది. అందువల్ల ఎత్తున ఉన్న కిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు. తలుపులు కూడా బార్లా తీయాలి. ఇంట్లోనివారిని బయటికి పంపి, బయట నుంచే 1906 నంబరుకు ఫోను చేయాలి. నగరాలలో గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువు ముఖ్యంగా మీథేన్. ఇది గాలికంటే తేలికైనది. పైకప్పు దగ్గర చేరుతుంది. దీనికి పై కిటికీలే దారి.

వాయుభారం తెలియడం ఎంత అవసరమో విశాఖపట్నం దుర్ఘటన చాటింది. 2020 మే 7 తెల్లవారుజామున నగర శివారులోని ఒక పరిశ్రమ ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి ఆవిరిగా వెలువడింది. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువైనది. అది నేలబారున పాకి, నిద్రలో ఉన్న సమీప గ్రామాన్ని కమ్మింది. ఊపిరాడక జనం రోడ్లమీద కుప్పకూలారు. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి వేళ ముక్కుకు తడిగుడ్డ అడ్డుపెట్టుకొని, గాలి వీచే దిశకు అడ్డంగా, వీలైతే ఎత్తైన చోటికి సాగిపోవాలి.

వాసన హెచ్చరించని విషవాయువులూ ఉన్నాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొన్నా, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు వాడినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. ఇది ఆక్సిజన్‌కంటే 200 రెట్లకు పైగా బలంగా రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకొంటుంది. తలనొప్పి, మత్తు మొదలైనప్పుడే బయటికి రావాలి. అలాగే బ్లీచింగ్ పౌడరును ఆమ్లంతో కలిపి మరుగుదొడ్డి శుభ్రం చేయరాదు. క్లోరిన్ వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ప్రయోగశాలలోనూ ఇదే వివేకం అవసరం. లవణ విశ్లేషణలో వెలువడే వాయువును పరీక్షనాళిక దగ్గర ముక్కు పెట్టి పీల్చరాదు. చేతితో మెల్లగా ముఖంవైపు విసురుకొని వాసన గ్రహించాలి. హైడ్రోజన్‌ను వెలిగించే ముందు పరికరంలోని గాలిని పూర్తిగా వెళ్ళగొట్టాలి. కొద్ది వాయువును వేరొక నాళికలో పట్టి మంట చూపినప్పుడు ‘టప్’మని శబ్దం వస్తే ఇంకా గాలి కలిసి ఉన్నదని అర్థం. కుళ్ళిన కోడిగుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఫ్యూమ్ కప్‌బోర్డులోనే తయారుచేయాలి. దాని గాఢత పెరిగితే ఘ్రాణశక్తి స్తంభిస్తుంది. వాసన తెలియనంత మాత్రాన వాయువు పోయిందని భ్రమపడరాదు.

వాసన ఉన్నచోట ముక్కును నమ్మాలి. ముక్కు మోసపోయేచోట శాస్త్రాన్ని నమ్మాలి. నేడు ప్రయోగశాలలో నేర్చిన ఈ జాగ్రత్తను ఇంట్లో అమ్మకు, నాన్నకు, నాయనమ్మకు వివరించి చెప్పడం విద్యార్థి కర్తవ్యం.

అర్థాలు

ఘనపరిమాణం = వస్తువు ఆక్రమించే చోటు
ఘ్రాణశక్తి = వాసన చూసే శక్తి
స్తంభించు = పనిచేయకుండా నిలిచిపోవు

వ్యాకరణం

సంధులు: గృహ + అవసరాలు = గృహావసరాలు (సవర్ణదీర్ఘ సంధి); అతి + అల్ప = అత్యల్ప (యణాదేశ సంధి)
సమాసాలు: ప్రయోగశాల – ప్రయోగం కొరకు శాల (చతుర్థీ తత్పురుష), వాయుభారం – వాయువు యొక్క భారం (షష్ఠీ తత్పురుష)

ప్రశ్నలు

1. వంటింట్లో గ్యాసు వాసన వచ్చినప్పుడు తీసుకోవలసిన చర్యలను కారణాలతో వివరించండి.
2. వాయువుకు వాసన కలిపే పద్ధతి ఎందుకు ఏర్పడింది?
3. సిలిండరు వాయువుకు, గొట్టాల ద్వారా వచ్చే సహజవాయువుకు గల భేదమేమిటి?
4. “వాసన తెలియనంత మాత్రాన వాయువు పోయిందని భ్రమపడరాదు” – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.