ఆనప పందిరి క్రింద వృక్షశాస్త్రము

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల రైతులకు కూరగాయల సాగు క్రొత్తది గాదు. టమాటా, క్యారెట్టు, బీర, ఆనప, కాకర మొదలగునవి ఈ గ్రామములనుండి హైదరాబాదు నగరపు అంగళ్లకు చిరకాలముగా పోవుచున్నవి. ఏ విత్తనము ఏ కార్తెలో నాటవలెనో, ఏ నేలకెన్ని తడులు కావలెనో ఈ రైతులకు పుస్తకము చూచి చెప్పవలసిన పనిలేదు. అట్లయ్యును ఒక నష్టము మాత్రము ఏటేట పందిళ్లయందు కనబడుచునే యున్నది. పాదు ఏపుగా ప్రాకును. పందిరి నిండ పూచును. పిందె మాత్రము నిలువదు. నిలిచిన పిందెలలో కొన్ని పసుపువారి రాలును, కొన్ని వంకరపోయి అంగడిలో సగము ధరయైన పలుకవు. అప్పుడు రైతు బలము చాలదని తలచి యూరియా వేయును, లేదా పురుగు పట్టినదని మందు చల్లును. ఈ రెండు పనులును పెక్కుమారులు ఆ నష్టమునే హెచ్చించును. ఏలయన, దోషము తరచుగా వేరునందును ఆకునందును గాక పూవునందుండును.

పెద్దవారికి వృక్షశాస్త్రము బోధింపదలచువారు సాధారణముగా బడిపిల్లల పుస్తకము ననుసరించి వేరు, కాండము, ఆకు అను వరుసతో మొదలుపెట్టుదురు. నలువదియేండ్లు నేల దున్నినవానిచేత ఆకుల యాకారములు వల్లెవేయించుట వలన ఫలము స్వల్పము. రెండవనాడతడు రాకుండుటయే న్యాయము. 1989లో ఇండోనేషియా దేశమున వరి రైతులకై నెలకొల్పిన పాఠశాలలలో వేరొక మార్గము నవలంబించిరి. అచ్చట పైరు నాటినది మొదలు కోతవరకు వారమునకొకమారు రైతులు చేనిగట్టుననే కూడి, మొక్కను తాకి, పురుగును పట్టి చూచి, తాము చూచినదానిని తామే చర్చించుకొనిరి. తెలుగునాట ఇట్టి తరగతులకు పొలంబడి యను చక్కని పేరు వచ్చినది. 2020లో తెలంగాణమున ఇంచుమించు ఐదువేల ఎకరములకొకటి చొప్పున రైతువేదికలు కట్టబడినందున కూర్చుండుటకు నీడ యమరినది. ఐనను ఈ మొదటి పాఠమునకు వేదికకంటె ఆనప పందిరియే తగిన తావు. వేళ సాయంకాలము ఐదు గంటలు. ఉదయమేల కాదను ప్రశ్నకు సమాధానము పాఠములోనే యున్నది.

పందిరి క్రింద నిలిచి రెండు పూవులను కోసి ప్రక్కప్రక్కన పెట్టవలెను. ఒకదాని కాడ పొడవుగా సన్నగానుండును. పూవు తెఱచి చూచినచో నడుమ పుప్పొడితో నిండిన కేసరములు కనబడును. ఇది మగపూవు. రెండవదాని కాడ పొట్టిది. పూవునకును కాడకును నడుమ నూగుతో గప్పబడిన చిన్న ఆనపకాయవంటి ఉబ్బు ఉండును. ఇది ఆడుపూవు. ఆ ఉబ్బే అండాశయము. లోపల విత్తనములు కాగల అండములు వరుసలు దీరియుండును. చూపునకది పిందెవలెనే యుండును గాని ఇంకను పిందె గాదు. మగపూవు పుప్పొడి ఆడుపూవు నడుమనున్న జిగురు కొనపై పడి, అచ్చటినుండి సన్నని నాళములుగా లోనికి దిగి అండములను చేరినపుడు మాత్రమే అది పిందెయగును. ఒక్కొక్క అండమునకు ఒక్కొక్క పుప్పొడి రేణువు కావలెను. అందుచేత నాలుగు రేణువులు పడినంత మాత్రమున నిండైన కాయ రాదు.

మొక్కలకు ఆడుమగ భేదము గలదని శాస్త్రజ్ఞులు ప్రయోగముచే నిర్ధారించి చాలకాలము కాలేదు. 1694లో జర్మనీ దేశమున ట్యూబింగెన్ నగరపు పండితుడు కామెరారియసు దీనిని గూర్చి యొక లేఖ ప్రకటించెను. అతడు పరీక్షించిన మొక్కలలో తెలంగాణపు చెలకలకు చిరపరిచితమైన ఆముదమొకటి. మగపూవులను గిల్లివేయగా ఆముదము విత్తు పట్టలేదు. ఆముదపు గెలలో పైన ఆడుపూవులు, క్రింద మగపూవులుండుట ఏ రైతునకైనను చేతికందెడి దృష్టాంతమే. ఇక వృక్షశాస్త్రము పరదేశపు విద్యయని సంకోచించువారు మఱియొక సంగతి గ్రహింపవచ్చును. సామర్లకోటలో నుండిన విలియం రాక్సుబర్గు కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి 1795 మొదలుకొని మూడు సంపుటములుగా వెలువరించిన గ్రంథమున 300 చిత్రములున్నవి. అందు మొక్కల తెలుగు పేర్లను గూడ అతడు వ్రాసికొనెను. ఆ పేర్లు చెప్పినవారు ఈ దేశపు జనులే గదా.

పాదు మొదట మగపూవులనే పూచును. కొన్నిదినములు గడచినగాని ఆడుపూవు కనబడదు. అటుపిమ్మటను ఒక ఆడుపూవునకు పదియో, అంతకు మించియో మగపూవులుండును. ఇది రోగము గాదు. మగపూవులు వ్యర్థములని గిల్లి పారవేయు రైతులును గలరు. వారు తమ పంటను తామే గిల్లుకొనుచున్నారు. కాని మగపూవులు మితిమీరుటకు కొన్ని హేతువులున్నవి. మొదటిది ఎండ తీవ్రత. రెండవది నత్రజని యెక్కువగుట. పందిరి చూచువారికి పచ్చగా కనుపండువగు పాదు కాయవిషయమున లోభియగుట దీనివలననే. పాదు రెండు మొదలు నాలుగాకుల దశలోనున్నపుడు లీటరు నీటికి మూడు గ్రాముల చొప్పున బోరాక్సు కలిపి చల్లినచో ఆడుపూవులు పెరుగునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేసియున్నారు. ఆనపలో ప్రక్కకొమ్మలమీద ఆడుపూవులు హెచ్చుగా వచ్చును గనుక తీగ పందిరికెక్కిన పిదప కొన త్రుంచుటయు మేలు.

ఇప్పుడు సాయంకాలపు సంగతి. ఆనప తెల్లని పూవు పొద్దు వాలినపుడు విచ్చి, రాత్రియంతయు తెఱచియుండి, మఱునాడు పొద్దెక్కునప్పటికి వాడిపోవును. బీర పసుపు పూవును సాయంకాలమే విచ్చును. పొట్ల కుచ్చుల పూవును అట్టిదే. గుమ్మడి, దోస, కాకర పూవులు మాత్రము తెల్లవారుజామున గాని ఉదయమున గాని విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఈ పుప్పొడి బరువైనది, జిగురుగలది, గాలికెగిరిపోవునది గాదు. ఉదయపు పూవులకు తేనెటీగలు, రాత్రి పూవులకు ముఖ్యముగా రెక్కలపురుగులు దీనిని మోసికొనిపోవలెను. దీపము చుట్టు తిరుగు ఆ బూడిదరంగు పురుగులకు కూలియిచ్చువాడు లేడు. వానిని లెక్కపెట్టువాడును లేడు. పందిరి క్రింద ఒక గంట నిలిచినచో ఎన్ని వచ్చినవో లెక్కింపవచ్చును. ఒక్కటియు రాని పందిరి యున్నచో, ఆ రైతు కాయ నిలువకుండుటకు వేరొక కారణము వెదకనక్కఱలేదు.

తేనెటీగలకు హాని గాకుండ మందు సాయంకాలము చల్లవలెనను మాట రైతులందఱును విన్నదే. గుమ్మడికి, దోసకు, కాకరకు ఆ మాట సరియైనది. ఆనపకు, బీరకు, పొట్లకు అదియే విపరీతము. సాయంకాలమున వాని పూవులు విచ్చుచుండగా విషము చల్లుట వచ్చెడి చుట్టములను గుమ్మముననే కొట్టుట వంటిది. ఈ పాదులకు మందు తప్పనిసరియైనచో రాత్రి పూవులు వాడిన పిమ్మట, ఎండ ముదురకమునుపు చల్లవలెను. ఒకే మడిలో రెండు తెగల పాదులున్నచో వేఱువేఱు దినములలో, గాలి లేనివేళ, ఒకదాని మందు వేఱొకదానిపై పడకుండ చల్లుకొనుట మంచిది. కొన్ని మందులు మొక్క రసములో ప్రవేశించి పలుదినములు పూదేనెయందు నిలుచును గనుక అట్టివానిని పూతకాలమున ముట్టకుండుటయే శ్రేయము. మఱియు మూసీపై 1920లో ముగిసిన ఉస్మాన్‌సాగరునకును, ఈసీపై 1927లో ముగిసిన హిమాయత్‌సాగరునకును ఈ ప్రాంతపు వాననీరే చేరును. చెరువుల ఎగువభూములను కాపాడుటకే 1996లో 111వ సంఖ్యగల ఉత్తరువు వెలువడినది. ఆ యుత్తరువు తరువాతి గతి ఎట్లున్నను, చేనిలో ఎక్కువైన విషము వానతోపాటు పల్లమునకు దిగుట మానదు.

రాలిన పిందెను పారవేయక కోసి చూచుట ఈ పాఠములో చేతిపని. పిందె పై చర్మమున సూదిపోటువంటి గుఱుతుండి, లోపల తెల్లని పురుగులు కదలుచున్నచో అది పండుఈగ పని. తల్లి ఈగ లేతపిందెలో గుడ్లు పెట్టును. దానికి క్యూల్యూరు ఎఱబుట్టలు కట్టుట, రాలినవానిని ఏరి లోతుగా పాతిపెట్టుట తగిన ఉపాయములు. గుఱుతును పురుగును లేక, లోపలి అండములు పెరుగక నుసివలెనే యున్నచో పుప్పొడి అందలేదని తెలియవలెను. దీనికి ఏ మందును పనిచేయదు. కాయ ఒకవైపు లావెక్కి మఱియొకవైపు నొక్కుకొనిపోయినచో నిలువునకోసి చూడవలెను. విత్తనములు పట్టినవైపు ఉబ్బి, పట్టనివైపు కృశించియుండుట పలుమారులు కనబడును. కాయ కండ విత్తనముల ననుసరించి పెరుగునది. విత్తనము లేనిచోట దానికి పెరుగుమని చెప్పువారు లేరు. నీటి యెద్దడివలనను కాయ వంకరపోవుట గలదు గనుక రెంటిని కలగాపులగము చేయరాదు.

పురుగులు రానిచో మనుష్యుడే ఆ పనికి పూనుకొనవచ్చును. సాయంకాలము క్రొత్తగా విచ్చిన మగపూవును కోసి, రేకులను వెనుకకు మడిచి, కేసరములను ఆడుపూవు నడిమికొనపై మెల్లగా రాయవలెను. ఒక మగపూవు రెండుమూడాడుపూవులకు చాలును. పెరటిలో నాలుగు పాదులున్నవారికిది సుకరము. ఎకరము పందిరికి కూలి గిట్టదు. అందుచేత గట్టున నాలుగు పూలమొక్కలుంచి, ఎండుకొమ్మలు, పుట్టలు చెఱుపక విడిచి, పురుగులకు తావిచ్చుటయే చౌక.

అన్ని తీగలును ఈ నియమమునకు లోబడవు. తోటలలో నాటు దొండ ఆడుతీగయే. మగతీగ లేకున్నను కాయ కాయును గనుక కొమ్మ నాటిన చాలును. గాలిచొరని పాలీహౌసులలో వేయు గింజలేని దోస రకములును పుప్పొడి లేకయే కాయును. ఇట్టి దోసను చూచి, మామూలు దోసనో కాకరనో పాలీహౌసులో నాటినచో తేనెటీగ లోనికి రాదు, కాయయు రాదు. టమాటా పూవులో ఆడుమగలు రెండును ఒకేచోటనుండును. దానికి పూవు కదలిన చాలును. గాలి కొంత కదపును. పందిరి వెదురులలో తొలిచికొని యుండు నల్లతుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని వడకించి పుప్పొడి రాల్చును. ఆ తుమ్మెదను వెదురు చెఱచునని చంపువారు ఈ సంగతి యెఱుగరు. టమాటాకు మాత్రము వేసవి రాత్రుల వేడిమివలన పుప్పొడి చెడి పూత రాలును. అందుకు తుమ్మెద యేమి చేయగలదు?

చేవెళ్ల బాటవెంబడి నిలిచిన పాతమఱ్ఱులు రహదారి వెడల్పు విషయమున జాతీయ హరిత న్యాయస్థానము వరకు పోయిన సంగతి ఈ ప్రాంతమువారికి తెలిసినదే. ఆ మఱ్ఱికి పూవెక్కడనున్నదని అడిగినచో పెద్దలు గూడ లేదందురు. మఱ్ఱిపండే పూలగుత్తి, పూవులన్నియు దాని పొట్టలో లోపలివైపునకు తిరిగియున్నవి. మేడియు అట్టిదే. కంటికానని చిన్న కందిరీగ సన్నని రంధ్రమున దూరి, పుప్పొడి నందించి, కొన్ని పూవులలో గ్రుడ్లు పెట్టి లోపలనే చచ్చును. మేడిపండు పొట్టలో పురుగులని జనులు ఏవగింతురు. ఆ పురుగులు లేనిచో మేడికి విత్తనమే లేదు.

రెండవ పాఠమునకు బోడకాకరను తీసికొనదగును. దీనియందు ఆడుతీగ వేఱు, మగతీగ వేఱు. గడ్డను చూచి ఏది ఏదియో చెప్పుట సాధ్యము గాదు. పూచినపుడు తీగలకు రంగుదారము కట్టి గుఱుతుంచి, మఱుసటి యేట పది ఆడుతీగలకొక మగతీగ చొప్పున గడ్డలు నాటవలెను. తరగతికి వచ్చువారు ఒక చాకు, రెండురంగుల దారము, తమ చేనిలో రాలిన పిందెలు నాలుగు వెంట తెచ్చుకొనవలయును.