కొత్త భాషకు కొలువు

విజ్ఞాన సర్వస్వ నిర్మాణం తెలుగువారికి కొత్త కాదు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపనకు మూలపురుషులలో ఒకరైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఆ తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టారు. ఆయన మహాపండితుడు, అవిశ్రాంతంగా శ్రమించిన వ్యక్తి. అయినా 1923లో ఆయన కన్నుమూసే నాటికి వెలువడినవి మూడు సంపుటాలే. అవి అకారాన్ని దాటలేదు. ప్రధానంగా ఒక్కరి భుజాల మీద నిలిచిన పని ఆ ఒక్కరితోనే ఆగిపోయింది. దానిని కాశీనాథుని నాగేశ్వరరావు మళ్ళీ ఎత్తుకోవలసి వచ్చింది.

2001 జనవరి 15న ఆంగ్లంలో ఆరంభమైన వికీపీడియా ఈ భారాన్ని వేరొక రీతిలో పంచింది. అందులో ఎవరైనా వ్యాసం రాయవచ్చు, ఎవరైనా దానిని దిద్దవచ్చు, ఎవరికీ పారితోషికం ఉండదు. రెండు నెలలు గడిచేసరికే జర్మన్, కాటలాన్ భాషల శాఖలు మొదలయ్యాయి. 2003 డిసెంబరులో తెలుగు శాఖ ఏర్పడింది. ఆ రోజుల్లో కొత్త భాషకు తలుపు తెరవడం సులభం, లోపల దీపం వెలిగించడమే కష్టం. తెలుగు శాఖలో సైతం తొలిదశలో పనిచేసినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. కంప్యూటరులో తెలుగు అక్షరాలు టైపు చేయడమే అప్పటికి చాలామందికి తెలియని విద్య. ఆంగ్ల అక్షరాలు నొక్కితే తెలుగు లిపి వచ్చే ఏర్పాటు జరిగాకనే రచయితల సంఖ్య పెరిగింది.

పేరుకు మాత్రమే ఉండి, రాసేవారు లేని శాఖలు కొన్ని మిగిలిపోవడంతో 2006లో రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి భాషా సంఘం. రెండవది ఇంక్యుబేటర్, అంటే పొదిగే పెట్టె. కొత్త భాషవారు ముందుగా ఈ పెట్టెలో ప్రయోగాత్మకంగా వ్యాసాలు రాయాలి. ఆ భాషకు అంతర్జాతీయ ప్రమాణ సంకేతం ఉండాలి. కనీసం ముగ్గురు సభ్యులు కొన్ని నెలలపాటు విరామం లేకుండా పనిచేస్తున్నట్లు కనిపించాలి. తెరమీద కనబడే ముఖ్యమైన మాటలన్నీ ఆ భాషలోకి రావాలి. అప్పుడే స్వతంత్రమైన శాఖ లభిస్తుంది.

ముగ్గురంటే స్వల్పసంఖ్యగా తోచవచ్చు. జీతం లేని పనికి నెలల తరబడి క్రమం తప్పక వచ్చే ముగ్గురిని సంపాదించడం ఎంత దుర్లభమో తుళు భాష చరిత్ర చెబుతుంది. మంగళూరు, ఉడుపి ప్రాంతాల్లో వ్యవహారంలో ఉన్న ఈ ద్రావిడ భాష సుమారు ఎనిమిదేళ్ళు ఆ పెట్టెలోనే ఉండి, 2016 ఆగస్టులో బయటికి వచ్చింది. తుళుకు సొంత ప్రాచీన లిపి ఉన్నా, జనం చదవగలిగిన కన్నడ లిపినే బృందం వాడుకుంది.

సంతాలీ బృందం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. సంతాలీ ప్రజలు ఝార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్‌లలోనే గాక బంగ్లాదేశ్, నేపాల్‌లలో కూడా ఉన్నారు. ఒకే భాషను ఒకచోట బెంగాలీ లిపిలో, మరొకచోట దేవనాగరిలో, ఇంకొకచోట రోమన్ అక్షరాలలో రాస్తారు. ఇన్ని లిపుల మధ్య పండిత రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికీ లిపిని బృందం ఎంచుకుంది. 2008లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. 2018 ఆగస్టులో సంతాలీ వికీపీడియా అవతరించింది. చదివేవారు తగ్గుతారని తెలిసినా ఆత్మగౌరవాన్ని ఆశ్రయించిన నిర్ణయమిది. తుళువారి నిర్ణయం సౌలభ్యాన్ని ఆశ్రయించింది. ఏది మేలు అన్న ప్రశ్నకు బయటివారు తీర్పు చెప్పలేరు.

లిపి కుదిరాక మాటల సమస్య వస్తుంది. ఇక్కడ తెలుగు బృందం చూపిన సమయస్ఫూర్తి మెచ్చదగినది. సభ్యులందరూ చర్చించుకునే పేజీకి వారు 'రచ్చబండ' అని పేరు పెట్టారు. రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన చిన్న వ్యాసం 'మొలక'. పదేపదే వాడే అచ్చు 'మూస'. ప్రబంధ భాషతో పెరిగిన నావంటివాడు వీటికి ఏ సంస్కృత సమాసాన్నో కల్పించి ఉండేవాడు. 'మొలక' అన్న మాటలో మాత్రం అసంపూర్ణమన్న నింద లేదు, ఎదుగుతుందన్న ఆశ ఉంది.

సంఖ్యామోహం కొత్త బృందాలకు పొంచి ఉన్న ప్రమాదం. తెలుగు శాఖ కూడా ఒక దశలో గ్రామాల పేజీలను యాంత్రికంగా సృష్టించి లెక్క పెంచుకుంది. వాటిలో ఎన్నో చాలాకాలం మొలకలుగానే ఉండిపోయాయి. స్కాట్లండ్‌లోని స్కాట్స్ భాషకు ఇంతకన్న పెద్ద ఆపద కలిగింది. ఆ భాష సరిగా రాని ఒక అమెరికా బాలుడు నిఘంటువు చూసి ఆంగ్ల పదాలను మార్చుకుంటూ 20 వేలకు పైగా వ్యాసాలు రాశాడు. అతనిలో దురుద్దేశం లేదు, దిద్దేవారు చాలినంతమంది లేరు. 2020లో విషయం బయటపడేదాకా అదే స్కాట్స్ అని లోకం నమ్మింది. యంత్రానువాదం అరచేతిలోకి వచ్చిన నేడు ఇటువంటి పని చేయడానికి నిఘంటువు కూడా అక్కరలేదు. కనుక దిద్దగలిగిన మాతృభాషీయుడు దొరకని చోట బృందం నిదానించడమే మేలు.

విద్యార్థులారా! మీలో కొందరి ఇంటిభాష గోండీ, కోయ, లంబాడీ కావచ్చు. గోండీనే తీసుకుందాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో లభించిన రాతప్రతుల మూలంగా గుంజాల గోండీ లిపి వెలుగులోకి వచ్చింది. 2018లో దానికి యూనికోడ్ స్థానం కలిగింది. అంతకు ముందు ఏడాదే మసరాం గోండీ లిపికీ ఆ స్థానం లభించింది. తెలంగాణ గోండులలో చదువుకున్నవారికి తెలుగు లిపి అలవాటు, మధ్యప్రదేశ్ గోండులకు దేవనాగరి అలవాటు. పైగా ఆదిలాబాద్ గోండీకీ బస్తర్ గోండీకీ ఉచ్చారణలోనూ పదాలలోనూ భేదాలున్నాయి. గోండీలో విజ్ఞాన రచనకు పూనుకునే బృందం మొదటి వ్యాసం ముగించేలోగానే ఈ రెండు ప్రాంతాలవారినీ ఒక రచ్చబండ దగ్గర కూర్చోబెట్టవలసి ఉంటుంది.