ఒక్క కిలోకు ఎంత?

మిర్చి సీజన్‌లో వరంగల్‌ ఏనుమాముల మార్కెట్‌కు పిల్లల్ని ఒక్కసారి తీసుకెళ్లండి. ఘాటుకు తుమ్ములొస్తే రానివ్వండి. ఏ రెండు బస్తాల బరువూ ఒక్కటి కాదు, అయినా ధర పలికేది మాత్రం క్వింటాలుకే. ఎందుకలా అని వాళ్లనే అడగాలి.

ఇంటికొచ్చాక ఓ లెక్క వేయండి. 38 కిలోల బస్తాకు 5,320 రూపాయలొచ్చాయి, 42 కిలోల బస్తాకు 5,670. ఎవరికి మంచి రేటు పడింది? ఆరో తరగతి పిల్ల తడుముకోకుండా రెండో రైతుకే అంటుంది. తప్పని అనకండి. "ఇద్దరి సరుకూ కిలో లెక్కకు తే బిడ్డా" అంటే చాలు. మొదటిది 140, రెండోది 135 అని తేలగానే కళ్లు పెద్దవి చేస్తుంది.

బడిలో దీన్నే ఏకవస్తు పద్ధతి అంటారు. అంతకుముందు మన పెద్దలు నేర్చుకున్నది త్రైరాశికం. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు, త్రైరాశికం అందులోనూ ఉంది. ముందు గుణించి తర్వాత భాగించే ఆ దారిలో జవాబు చకచకా వస్తుంది గానీ, మధ్యలో వచ్చే పెద్ద అంకెకు బజారులో అర్థమేమీ ఉండదు. ముందు భాగిస్తే చేతికొచ్చేది కిలో ధర. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అదే పట్టు.

చిక్కంతా దేన్ని దేనితో భాగించాలన్న దగ్గరే. "పెద్దదాన్ని చిన్నదానితో భాగించు" అనే చిట్కా చెప్పే ట్యూషన్ మాస్టార్లంటే నాకు చిరాకు. ఆరు లీటర్ల మజ్జిగ ఎనిమిది మందికి పంచమంటే, ఆ చిట్కా నేర్చిన పిల్లవాడు ఎనిమిదిని ఆరుతో భాగించి, తలా లీటరుంబావుకు పైనే అంటాడు. "మరి ఎనిమిది మందికీ కలిపి ఎంత కావాలె?" అని అడగండి. పది లీటర్లు దాటిపోతుంది, ఉన్నది ఆరే. వాడే నాలుక కరుచుకుని మనిషికి ముప్పావు లీటరు అని దిద్దుకుంటాడు. అలా తన జవాబును తానే అనుమానించడం వస్తే, అది లెక్కల పుస్తకం దాటి కూడా పనికొస్తుంది. కిరాణా కొట్లో పెద్ద ప్యాకెట్ చవకేనా అని అట్ట తిప్పి చూసేది అలాంటి పిల్లలే.

అయితే దీనికో షరతుంది. పోల్చేవి రెండూ ఒకే రకం సరుకై ఉండాలి. ఘాటెక్కువ తేజ మిర్చినీ, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటానూ పక్కపక్కన పెట్టి కిలో ధర ఒక్కటే చూస్తే తెలిసేది తక్కువ. చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ. కొనేవాడి అవసరమే వేరు.

హన్మకొండ హాస్టళ్లలో పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులు ఈ షరతు మరిచిపోతుంటారు. గంటకు ఎన్ని లెక్కలు చేశావని వేలు మడిచి లెక్కగడతారు. పక్కింటి అబ్బాయి గంటకు ఇరవై చేశాడట, మనవాడు ఐదేనట. ఆ ఇరవై కూడికలా, ఈ ఐదు రాత లెక్కలా అని ఒక్కరూ అడగరు. ఏకవస్తు పద్ధతి ఒంటబట్టిన పిల్లవాడైతే తనే అడుగుతాడు: "నాయినా, రెండూ ఒక్క రకం లెక్కలేనా?"